చూపు ఏడో అతుకు మీద

మామయ్య పోయాడని ఫోను వచ్చినప్పుడు నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, కోపం. మంగళవారం పొద్దున నా ఆటల షెడ్డు తాళం తీసి లోపలికి అడుగు పెట్టానో లేదో, మాచర్ల నుంచి మా బావమరిది చేశాడు. "బావా, నాన్న ఇంక లేడు" అన్నాడు. కాఫీ తాగి, గ్లాసు పక్కన పెట్టి, గోడకి ఆనుకున్నాడట. మళ్ళీ లేవలేదట. "ఏంది మావయ్యా ఇది!" అని ఖాళీ షెడ్డులో పైకే అరిచాను. అంతకు ముందు ఆదివారం మా ఇద్దరికీ పడ్డ తగువు ఇంకా తెగలేదు. దాన్ని సగంలో నా నెత్తిన పడేసి తను వెళ్ళిపోతే మిగతా సగం నేనెవరితో పడాలి?

పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. చెబుతాను, నాకేం అభ్యంతరం లేదు. కానీ ముందు నన్ను కాస్త విసుక్కోనివ్వండి. ఆయన మీద నా దగ్గర చిన్నప్పటి నుంచి పోగైన విసుగు ఉంది. అదంతా దాచేసి ఆయన్ని పొగిడితే, ఆయన్ని ఎరిగినవాళ్ళు ఇది వేరే ఎవరి గురించో అనుకుంటారు.

మామయ్య మా అమ్మకి తమ్ముడు, నాకు పిల్లనిచ్చిన మామ కూడా. అందుకని రెండు వైపుల నుంచీ నా మీద హక్కుందనుకునేవాడు. మాచర్లలో నాపరాళ్ళు పరిచే మేస్త్రి. గురజాల నుంచి సత్తెనపల్లి దాకా ఎన్ని ఇళ్ళకి, ఎన్ని బడులకి, ఎన్ని ధాన్యం కొట్లకి నేల పరిచాడో ఆయనకే గుర్తు లేదు. ఒక్క మాట మాత్రం బస్సులో పక్క సీటు మనిషికి కూడా చెప్పేవాడు. "నేను పరిచిన బండ ఇంతవరకు ఎవుడూ లేపలా." ఆ మాటకి అవతలివాళ్ళు ఆశ్చర్యపోవాలి. పోకపోతే మళ్ళీ చెప్పేవాడు.

బండలు పరిచేటప్పుడు ఈ చివరొక మేకు, ఆ చివరొక మేకు కొట్టి మధ్యలో దారం కడతారు. పని రానివాడు అటు చివరనున్న గోడ చూస్తూ బండ జరుపుతాడట, అందుకే వరస వంకర పోతుందట. పని వచ్చినవాడు తన చేతి ముందున్న దారం తప్ప ఇంకేమీ చూడడట. "గోడ చూడమాక, దారం చూడు" అనేది మామయ్య మొట్టమొదటి సూత్రం. దాన్ని ఆయన పని దగ్గరే వదిలేసి ఉంటే మాకెవరికీ ఇబ్బంది ఉండేది కాదు. వదల్లేదు. స్కూటరు నేర్చుకుంటుంటే, "ఆ మలుపు చూడమాకరా, నీ ముందున్న గుంట చూడు" అని వెనక సీటు నుంచి నా తల పట్టుకుని కిందికి వంచాడు. గుంట తప్పింది, మలుపు మాత్రం తిరగలేదు, ముళ్ళకంపలో పడ్డాం. ఇంటికి చుట్టాలొస్తే కాఫీలు తెచ్చే మా ఆవిడకి, "గ్లాసులు చూడమాకే, గడప చూడు" అని ప్రతిసారీ చెప్పేవాడు. ఆమె పుట్టి పెరిగిన ఇంట్లో ఆమెకి గడప ఎక్కడుందో తెలియదని ఆయన బెంగ.

మా పెళ్ళిలో ఏం చేశాడో వినండి. తాళి కట్టే సమయానికి నాకు ముడి పడడం లేదు. బాజాలు హోరుమంటున్నాయి, అక్షింతలు మొహాన పడుతున్నాయి. అప్పుడే కన్యాదానం చేసి లేచిన పెద్దమనిషి పక్కకి తప్పుకోవాలా, వద్దా? తప్పుకోకుండా నా చెవి దగ్గరికి వంగి, "ఒరేయ్, దాని మొహం చూడమాక, ముడి చూడు" అన్నాడు. ఆ ఫోటో ఇప్పటికీ మా గోడ మీద ఉంది. అందులో మా ఆవిడ నన్ను చూస్తోంది. నేను ముడి చూస్తున్నాను. ఆయన కూడా ముడే చూస్తున్నాడు.

దీన్నంతా వేదాంతం అనుకునేరు. దూరపు కోరికలు పెట్టుకోవద్దనో, ఈ క్షణంలో బతకాలనో ఆయన ఎన్నడూ అనలేదు. ఆయన గొడవంతా కళ్ళ గురించే. మనిషి కన్ను ఎక్కడ పెట్టాలి అన్న ఒక్క సంగతి మీద ఒక జీవితమంతా మాట్లాడిన మనిషి ఆయన తప్ప ఇంకొకరు నాకు తెలియదు.

ఇక అసలు తగువు. నేను హైదరాబాదులో ఒక మాలులో ఆరేళ్ళు పనిచేశాను. అక్కడ బౌలింగు ఆట చూసుకునేవాణ్ణి. ఆడనివాళ్ళ కోసం చెబుతాను. అరవై అడుగుల పొడవున, మూడున్నర అడుగుల వెడల్పున నున్నటి చెక్క దారి ఉంటుంది, దాన్నే లైను అంటారు. చివర సీసాల్లాంటి పది పిన్నులు నిలబెట్టి ఉంటాయి. బరువైన బంతిని వేళ్ళు దూర్చి పట్టుకుని, దొర్లించి వాటిని పడగొట్టాలి. లైనుకి రెండు పక్కలా గాడులుంటాయి, బంతి దారి తప్పితే అందులో పడుతుంది. ఆ సెంటరు మూసేస్తుంటే వాళ్ళ బంతులూ పిన్నులూ పాత సామాను కింద తీసుకుని ఇటు వచ్చేశాను. నరసరావుపేటలో పాడుబడ్డ పత్తి మిల్లు షెడ్డొకటి అద్దెకి దొరికింది. క్యారమ్సు బల్లలు, టేబుల్ టెన్నిసు, వాటితోపాటు ఒకే ఒక్క బౌలింగు లైను. చెక్కతో వేయించే తాహతు నాకు లేదు.

"చెక్క ఎందుకురా, రాయి ఉండగా!" అన్నాడు మామయ్య.

అప్పటికి ఆయన పని మానేసి రెండేళ్ళు. మోకాళ్ళు అరిగిపోయాయని డాక్టరు కింద కూర్చోవద్దన్నాడు. ఇంకొకరిని పెట్టుకుందామంటే వారం రోజులు నాతో మాట్లాడలేదు. చివరికి తనే వచ్చాడు. రెండేసి అడుగుల పొడవున్న బండలు ముప్పై కోయించాడు. పదకొండు రోజులు ఆ షెడ్డులోనే తిండీ నిద్రా. పాలిషు అయ్యాక చూస్తే బండకీ బండకీ మధ్య అతుకు కంటికి గీతలా కనబడుతుంది, వేలికి తగలదు. ఆ రోజు ఆయన్ని మనస్ఫూర్తిగా మెచ్చుకున్నాను. అది ముప్పై గంటలు నిలిచింది.

మర్నాడు సాయంత్రం పూజ. పంతులుగారు మంత్రాలు చదివి, లైను మొదట్లో పసుపూ కుంకుమా పెట్టిన నిమ్మకాయ ఉంచారు. ఆ నిమ్మకాయ కాసేపు ఆలోచించి, మెల్లగా ఎడమ పక్కకి దొర్లుకుంటూ పోయి గాడిలో పడింది. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

"మావయ్యా, నేల ఎడమకి వాలిందా?"

"గాలి రా."

"తలుపులు ఏసున్నయ్ మావయ్యా."

"అయితే ఆ కాయే సరిగా లేదు. సంతలో చూసి కొనుక్కోవాల."

జనం వెళ్ళాక ఆయన సంచీలోంచే రసమట్టం తీసి బండ మీద అడ్డంగా పెట్టాను. గాజు గొట్టంలో బుడగ పక్కకి పోయి కూర్చుంది. కుడి అంచు కంటే ఎడమ అంచు పావు అంగుళం కింద ఉంది. మా వైపు మేస్త్రి ఏ నేల పరిచినా ఒక పక్కకి వాటం ఇస్తాడు, కడిగిన నీళ్ళు నిలవకుండా జారిపోవడానికి. నీళ్ళు నిలిచాయంటే మేస్త్రి పరువు పోయినట్టే. అది వంటింట్లో చేయాల్సిన పని. ఈయన బౌలింగు లైనుకి వాటం ఇచ్చాడు! పావు అంగుళమే కదా అంటారేమో. నడుమన వదిలిన బంతి అరవై అడుగులు పోయేసరికి జానెడు ఎడమకి తప్పుకుంటుంది. పిల్లలు మెల్లగా వదిలితే ఏకంగా గాడిలోకే.

"బౌలింగుకి వాటం ఏంది మావయ్యా?" అన్నాను ఏడుపు గొంతుతో.

"నేల అన్నాక కడగరా? కడిగితే నీళ్ళు యాడికి పోవాల?"

"ఇది కడిగే నేల కాదు. తుడిచే నేల."

"ఇయ్యాల తుడుస్తావు. రేపు కడుగుతావు. నాకు తెలవదా?"

అంతే. దాని మీద ఇక మాట లేదు. నాలుగేళ్ళలో ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, "పొరపాటైందిరా" అంటాడేమోనని చూశాను. ఆ మాట అనేస్తే నేనే "పోనీలే మావయ్యా" అనేవాణ్ణి. నాకు కావలసింది ఆ ఒక్క మాటే. ఆయన ఇవ్వనిదీ ఆ ఒక్కటే.

పైగా ఆదివారాలు రావడం మొదలుపెట్టాడు. మొదటి బస్సుకి మాచర్లలో ఎక్కి, షెడ్డు తెరవక ముందే గుమ్మంలో ఉండేవాడు. లైను పక్కన కుర్చీ వేసుకుని, భుజాన తువ్వాలు సర్దుకుని, వచ్చిన ప్రతి మనిషికీ ఎక్కడ చూడాలో చెప్పేవాడు. బంతి వదిలే గీత దగ్గర నుంచి లెక్కపెడితే ఏడో అతుకు పద్నాలుగు అడుగుల దూరంలో ఉంటుంది. "పిన్నులు చూడమాకండి. ఏడో జాయింటు చూడండి. నడుమ నుంచి రెండు వేళ్ళు కుడికి. దాని మీద నుంచి పోనీండి బంతిని. ఆ తర్వాత సంగతి మీకొద్దు, అదే పోద్ది."

ఒక బ్యాంకు మేనేజరుగారు కుటుంబంతో వచ్చారు. బంతి పట్టుకుని, ఒక కన్ను మూసి, పిన్నుల వైపు గురి చూస్తున్నారు. కుర్చీలోంచి, "సారూ, యాడ చూస్తన్నారు?" అని వినబడింది.

"పిన్నుల వైపండీ. వాటినేగా కొట్టాల్సింది?"

"అయ్యి యాడికీ పోవు, ఆడే ఉంటయ్. మీరు ఏడో జాయింటు చూడండి."

ఆయన చూడలేదు. బంతి గాడిలో పడింది. రెండోది కూడా. మామయ్య లేచి వెళ్ళి, ఏడో అతుకు మీద చూపుడు వేలు పెట్టి, "ఇదిగో, నా గోరు చూడండి" అని అక్కడే కూర్చున్నాడు. ఆరేడు కిలోల రాయి లాంటి బంతి, ముందర ముసలాయన చెయ్యి! మేనేజరుగారికి చెమటలు పట్టాయి. "ఆయన్ని లేపండి బాబూ, నాకు ఆటొద్దు" అని బంతి కింద పెట్టేశారు. ఆ కుటుంబం మళ్ళీ రాలేదు. అయ్యో పోయారే అని నేను తల పట్టుకుంటే, "చెప్పింది వినని మనిషి, పోనీ" అన్నాడు మామయ్య.

విన్నవాళ్ళు మాత్రం పడగొట్టేవారు. ఇదే నా ప్రాణానికి వచ్చింది. ఎనభై ఏళ్ళ ముసలామె మనవరాళ్ళతో వచ్చి, ఏడో అతుకు చూసి, చీర కుచ్చిళ్ళు బిగించి రెండు చేతులతో బంతి వదిలితే తొమ్మిది పిన్నులు పడ్డాయి. ఆమె మామయ్యకి దండం పెట్టింది. ఆయన నా వైపు చూశాడు. ఆ చూపు నేను వారం రోజులు భరించాను.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. ఆయన చెప్పింది తప్పు కాదు. హైదరాబాదులో చెక్క లైన్ల మీద, ఆడే మనిషికి పదిహేను అడుగుల దూరంలో బాణం గుర్తులు ఉంటాయి. ఆట తెలిసినవాళ్ళు ఆ బాణాలే చూస్తారు గానీ పిన్నుల్ని చూడరు. దూరంగా ఉన్నదాన్ని గురి చూస్తే చెయ్యి తడబడుతుంది, దగ్గరి గుర్తు మీదుగా పంపడం తేలిక. ఆరేళ్ళు నేను వందల మందికి చెప్పిన మాటే అది. ఒకసారి నోరు జారి ఆయనకి ఈ బాణాల సంగతి చెప్పాను.

"మరి నేనేం చెప్తన్నారా ఇన్నాళ్ళూ?" అని కుర్చీలోంచి లేచాడు. ఆ తర్వాత వచ్చినవాళ్ళందరికీ, "హైదరాబాదులో కూడా ఇంతే" అని కలిపి చెప్పేవాడు.

ఆ మాటకి తగ్గట్టే ఒక పెళ్ళికి వచ్చిన హైదరాబాదు అమ్మాయొకతె మా షెడ్డుకి వచ్చింది. పోటీల్లో ఆడిన పిల్లట. మొదటి బంతి ఎడమకి పోయింది. కనుబొమలు ముడిచి, మామయ్య చెప్పినట్టు ఏడో అతుకు చూసి రెండోది వదిలింది. పదికి పది పడ్డాయి.

"మీరు ఎక్కడ నేర్చుకున్నారు తాతగారూ?" అని అడిగింది.

"మాచర్లలో."

వెళ్ళేటప్పుడు ఆ పిల్ల నన్ను పక్కకి పిలిచి, "మీ లైను ఎడమకి పోతోందండీ, చూసుకోండి" అంది. ఆట తెలిసిన మనిషి సాక్ష్యం దొరికిందని నేను పరుగున వెళ్ళి మామయ్యకి చెప్పాను. ఆయన తాపీగా విని, "ఆ పిల్ల ఎన్నడూ నేల కడిగి ఉండదురా" అన్నాడు.

ఇట్లా నాలుగేళ్ళు. చివరి ఆదివారానికి వస్తాను.

చుట్టుపక్కల కాలేజీల పిల్లలకి మా షెడ్డులో బౌలింగు పోటీలు పెట్టించాలని నేను ఏడాదిగా తిరుగుతున్నాను. అది కుదిరితే షెడ్డు నిలబడుతుంది, లేకపోతే క్యారమ్సు బల్లల మీద ఎంతకాలం లాక్కొస్తాను? ఆ ఆదివారం ఒక కాలేజీ నుంచి ఆటల మాస్టారు చూడ్డానికి వచ్చారు. బంతి నడుమన పెట్టి మెల్లగా వదిలారు. అది ఎడమకి పోయింది. మళ్ళీ వదిలారు. మళ్ళీ పోయింది. మామయ్య కుర్చీలోంచి, "మాస్టారూ, ఏడో జాయింటు..." అని మొదలుపెట్టాడు.

"పోటీ అంటే నేల సమంగా ఉండాలండీ. బాగుచేయించి చెప్పండి, అప్పుడు చూద్దాం" అని ఆయన వెళ్ళిపోయారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆడుతున్న జనం ముందే అరిచాను. "చాలు మావయ్యా. నీ జాయింటూ వద్దు, నీ వాటమూ వద్దు. పిడుగురాళ్ళ నుంచి వేరే మేస్త్రిని పిలుస్తన్నా. ఈ బండలన్నీ లేపిస్తా."

ఆయన గాలి అనలేదు, నీళ్ళు అనలేదు, నన్ను ఒరేయ్ అని కూడా అనలేదు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, గోడ పట్టుకుని మెట్లు దిగి బస్టాండు వైపు వెళ్ళిపోయాడు. భోజనం వేళ అది. మా ఆవిడ ఆయన కోసం వండిన దొండకాయ కూర అలాగే ఉండిపోయింది. నేను వెనకాల వెళ్ళలేదు. వచ్చే వారం వస్తాడులే, అప్పుడు తేల్చుకుందామనుకున్నాను. సోమవారం పిడుగురాళ్ళ మేస్త్రికి ఫోను చేశాను. మంగళవారం మా బావమరిది నాకు చేశాడు.

మాచర్లలో పాడె మోసేటప్పుడు నేను ముందు కొమ్ము పట్టాను. కళ్ళు మసకలు కమ్మి కాలు తడబడితే, వెనక నుంచి ఆయన దగ్గర పని నేర్చుకున్న పెద్దమనిషి ఒకాయన, "బాబూ, దూరం చూడమాక, అడుగు చూసుకో" అన్నాడు. పక్కనున్నవాళ్ళలో ఇద్దరు ఏడుస్తూనే నవ్వారు. చచ్చి కూడా వదల్లేదు మహానుభావుడు అనుకున్నాను.

పెద్దకర్మ అయ్యాక మా అత్తయ్యని నిద్రకి మా ఇంటికి తీసుకొచ్చాం. మర్నాడు పొద్దున్నే ఆమె నా దగ్గరికి వచ్చి, "ఆ ఆట కాడికి తీసుకుపోరా" అంది. నాలుగేళ్ళలో ఆమె ఒక్కసారీ ఆ షెడ్డు చూడలేదు. తీసుకెళ్ళాను. ఆమె లోపలికి వచ్చి, లైను అంచున కింద కూర్చుని, బండ మీద చెయ్యి వేసి నిమిరింది.

"ఆయనకి తెలుసురా" అంది.

"ఏం తెలుసు అత్తయ్యా?"

"తప్పని. ఆ నిమ్మకాయ దొల్లిందంట చూడు, ఆ మర్నాడే ఇంటికొచ్చి చెప్పాడు. 'చెయ్యి అలవాటున వాటం ఇచ్చేశానే, బండ పెట్టేటప్పుడు నాకు తెలవనే లేదు' అన్నాడు. రెండు రోజులు అన్నం సరిగా తినలా."

"మరి నాతో ఎందుకు చెప్పలా? నాలుగేళ్ళు నా ప్రాణం తీశాడు గదా, ఒక్క మాట అంటే పోయేది గదా?"

"అంటే నువ్వు లేపమంటావు. లేపితే మళ్ళీ పరవాల. ఎవుడు పరుస్తాడు? ఆ పదకొండు రోజుల పనికే నెల రోజులు మంచం దిగలా. నీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు. ఇంకోడు వొచ్చి ఆయన బండ లేపితే చూడలేడు, తనేమో లేపలేడు." కొంగుతో మొహం తుడుచుకుంది. "'బండలెట్టాగూ జరపలేను, ఆడేవోళ్ళ చూపన్నా కాస్త పక్కకి జరుపుతా' అని ఆదివారం ఆదివారం బస్సెక్కేవాడు. మోకాళ్ళకి కట్టు కట్టేది నేనేగా."

నేను పెత్తనం అనుకున్నదంతా మరమ్మతు అన్నమాట. నడుమ నుంచి రెండు వేళ్ళు కుడికి, ఏడో అతుకు మీద. పావు అంగుళం వాటానికి సరిపడే కొలత ఎక్కడ దొరుకుతుందో ఎన్ని బంతులు దొర్లించి కనిపెట్టాడో నాకు తెలియదు. ఆ సంగతి చెప్పకుండా వెళ్ళిపోయినందుకు ఆయన మీద ఇప్పుడూ కోపంగానే ఉంది. చెప్పి ఉంటే తిట్టేవాణ్ణి, అరిచేవాణ్ణి, ఆ తర్వాత ఊరుకునేవాణ్ణి. జనం ముందు ఆ మాట అనేవాణ్ణి కాదు. బస్టాండు దాకా వెనకాల వెళ్ళేవాణ్ణి.

మేమిద్దరం అట్లా ఉండగానే గుమ్మంలో మనిషి అలికిడైంది. పిడుగురాళ్ళ మేస్త్రి. చావు హడావుడిలో అతన్ని రావద్దని చెప్పడం మర్చిపోయాను, అతనే ఆగి ఆగి వచ్చాడు. నడివయసు మనిషి. చేతిలో గునపం, భుజాన సంచీ. గునపం గోడకి ఆనించి, "ఇవేనాండీ లేపాల్సినయ్?" అని చెప్పులతోనే లైను మీదికి వచ్చాడు. అత్తయ్య చెయ్యి తీయలేదు.

అతను రసమట్టం తీసి మొదటి బండ మీద పెట్టాడు. "వాటం ఇచ్చారు గదండీ" అన్నాడు. తెలుసన్నాను. రెండో బండ మీద పెట్టాడు. మూడో దాని మీద. ఆ తర్వాత అతని మొహం మారింది. ఒకటీ వదలకుండా చివరిదాకా పెట్టుకుంటూ పోయాడు. పిన్నుల దగ్గర ఆగి, వెనక్కి తిరిగి మొత్తం ఒకసారి చూసి, లైను దిగి, అంచు వెంబడి నడిచి గుమ్మం బయటికి వెళ్ళాడు. చెప్పులు అక్కడ విడిచి మళ్ళీ లోపలికి వచ్చాడు.

"ఎవరండీ ఇది పరిచింది?"

"మా మావయ్య."

"ఒక్కడేనా?"

"ఒక్కడే. మోకాళ్ళు పోయాక."

అతను తల అడ్డంగా ఊపాడు. "అరవై అడుగులండీ. ముప్పై బండలు. మొదటి బండకాడ వాటం ఎంతుందో ఆఖరి బండకాడా అంతే. వెంట్రుక తేడా లేదు. నేను ఇరవై ఏళ్ళ నుంచి పరుస్తన్నా, నా వల్ల కాదండీ." గునపం వైపు చూసి, ఇష్టం లేనట్టు అడిగాడు. "లేపమంటారా?"

"వద్దు" అన్నాను. పోటీల సంగతి గుర్తుంది. గుర్తుండే అన్నాను.

అత్తయ్య తలెత్తింది. "ఏందన్నావు నాయనా ఇందాక?"

"ఏదమ్మా?"

"ఆ ఎంట్రుక మాట. మళ్ళీ చెప్పు."

అతను నా వైపు చూశాడు, ఆమె బొట్టు లేని నుదురు చూశాడు, అర్థమైనట్టుంది. వచ్చి ఆమె పక్కన గొంతుక్కూర్చుని, మొదటి బండ మీద అరచెయ్యి పెట్టి, "వెంట్రుక తేడా లేదమ్మా" అన్నాడు. ఆమె ఆ బండ తడిమింది. "దీనికి?" అని రెండోది చూపించింది. "దీనికీ లేదమ్మా." "మరి దీనికి?" నేను గోడ దగ్గరే నిలబడిపోయాను. వాళ్ళిద్దరూ ఒక్కొక్క బండ మీదా చెయ్యి వేసుకుంటూ, అడిగిందే అడుగుతూ చెప్పిందే చెబుతూ, మెల్లగా ముందుకి జరుగుతున్నారు.